బావి నీళ్ళలో ఒంటి వేడి

హోసూరు పక్క మా బేరిగై తోటలోని బావి పాతకాలపుది. చుట్టూ రాతి కట్టు, ఒక పక్క గోడలోంచి పొడుచుకు వచ్చిన రాతి పలకలే మెట్లు. పట్టుకోవడానికి ఆధారం ఏమీ ఉండదు. ఎండాకాలంలో నీళ్ళు ఎక్కడో అడుగున మెరుస్తుంటాయి. ఆ ఏడు వానలు విడవకుండా కురవడంతో నీళ్ళు సగం బావి దాకా ఎక్కాయి, కట్టు వెనుక మట్టి నాని ఉబ్బింది. ఆ సంగతి మాలో ఎవరికీ తట్టలేదు. మార్గశిరంలో, మంచు మధ్యాహ్నం దాకా విడవని ఒక రోజున మా తోడికోడలు ఆ బావిలో పడింది.

ఆమె నాకంటే చాలా చిన్నది, మా మరిది భార్య. పుట్టి పెరిగింది మత్తిగిరిలో. పెళ్ళికి ముందు ఒక ఫ్యాక్టరీలో పని చేసింది. మా ఇంటికి వచ్చాకే పొలం పని నేర్చుకుంది, నాకంటే బాగా నేర్చుకుంది. ఒక్క ఈత మాత్రం రాదు. నేను కల్లావి పక్క పల్లెలో పుట్టినదాన్ని. అక్కడ ఎండలకు పిల్లలందరం పొద్దంతా బావిలోనే ఉండేవాళ్ళం. మిగతా పిల్లల వీపుకు సొరబుర్ర కట్టి దింపేవారు. నాకు కట్టలేదు. చిన్నప్పటి నుంచీ నేను లావు, నీళ్ళలో వదిలితే అదే తేలుతుందని మా నాయన నవ్వేవాడు. ఆ లావు నాతోనే పెరిగింది. పెళ్ళిళ్ళలో, బస్సుల్లో, బట్టల కొట్లలో దాని గురించి ఏదో ఒక మాట వినని రోజు లేదు. తోడికోడలు మాత్రం ఎప్పుడూ అనలేదు. ఆమె మామూలుగానే సన్నం, పైగా అంతకు ముందు నెలంతా టైఫాయిడ్‌తో పడి లేచింది. గాజులు మోచేతి దాకా జారేవి.

ఆ రోజు మగవాళ్ళిద్దరూ ముల్లంగి మొదటి లోడు టెంపోలో వేసుకుని హోసూరు మార్కెట్టుకు పోయారు. రెండో లోడుకు మేమిద్దరం ముల్లంగి పీకి, కట్టలు కట్టి, మట్టి కడగాలి. తొట్టిలో నీళ్ళు అయిపోయాయి. మోటారుకు కావలసిన త్రీఫేస్ కరెంటు సాయంత్రానికి గాని రాదు. బావిలోంచి రెండు క్యాన్లు ముంచుకొస్తానని ఆమె లేచింది.

"నేను పోతా ఉండు, నీకు ఇంగా కాళ్ళు వణకతా ఉండాయి కదా," అన్నాను.

"నీ మోకాళ్ళ నొప్పితో నువ్వు దిగేదానికంటే నేను నయం కదక్కా," అని నవ్వి పోయింది.

నేను వంగి ముల్లంగి పీకుతున్నాను. మొదట రాయి రాయికి తగిలిన చప్పుడు, వెంటనే నీళ్ళలో ఏదో పెద్దది పడిన చప్పుడు వచ్చాయి. కేక మాత్రం రాలేదు. కేక రాకపోవడమే నన్ను ఎక్కువ భయపెట్టింది. పరుగెత్తి వెళ్ళి చూస్తే ఒక మెట్టు ఊడిపోయి గోడలో నల్లటి గుంత కనబడింది. కింద నీళ్ళలో ఆమె చేతులు పైకి లేస్తున్నాయి, మునుగుతున్నాయి. మెట్లు ఎలా దిగానో ఇప్పటికీ గుర్తు రాదు. దూకాను. నీళ్ళు తగలగానే గుండె పట్టేసినట్టయింది, ఊపిరి లోపలికి పోయింది గాని బయటికి రాలేదు. ఆమె జుట్టు చేతికి దొరికింది. లాగి తల పైకి తెచ్చాను. ఆమె భయంతో నా మెడ పట్టుకుని నన్ను ముంచేసింది. ఇద్దరం నీళ్ళు మింగాం. చివరికి బావి మధ్య వేలాడే మోటారు పైపు నా చేతికి అందింది.

పైన గర్డరుకు వేలాడదీసిన నల్ల పైపు అది, దాని పొడుగునా, అడుగున నీళ్ళలో మునిగి ఉన్న మోటారుకు పోయే కరెంటు వైరు కట్టి ఉంటుంది. ఆమె ఊపిరి కుదుటపడే దాకా పైపు పట్టుకుని ఉన్నాం. తర్వాత నీళ్ళకు దగ్గరగా ఉన్న మెట్టు వైపు ఈదుకుంటూ తీసుకుపోయి, "పట్టుకో, నేను కింద నించి తోస్తా," అన్నాను. ఆమె రెండు చేతులూ వేసి బరువు మోపింది. మెట్టు కదిలింది. ఆమెను వెనక్కి లాగేలోపే ఆ మెట్టూ, దాని పైమెట్టూ, వాటి చుట్టూ ఉన్న కట్టూ కలిసి నీళ్ళలోకి విరుచుకుపడ్డాయి. ఒక రాయి నా భుజం పక్కనే పడింది. నీళ్ళు ఎర్రగా బురద అయ్యాయి. అది అణిగాక చూస్తే, మిగిలిన మెట్లన్నీ మా చేతులకు అందనంత పైన ఉన్నాయి.

మళ్ళీ పైపు దగ్గరికే వచ్చాం. ఇద్దరం గొంతు చించుకుని అరిచాం. మా అరుపులు గోడలకు తగిలి మా మీదికే వచ్చాయి. ఆ చలికి చుట్టుపక్కల తోటల్లో ఎవరూ ఉండరని తెలిసి కూడా అరిచాం. అంతలో గట్టు మీద, ముల్లంగి కుప్ప దగ్గర పెట్టిన నా ఫోను మోగింది. పాటంతా మోగి ఆగిపోయింది. మళ్ళీ మోగింది. చేసింది మా ఆయనేనని నాకు తెలుసు. ఎత్తకపోతే పనిలో ఉంటుందిలే అనుకుంటాడని కూడా తెలుసు. మూడోసారి మోగలేదు.

నా చీర కొంగు ఆమె నడుముకూ పైపుకూ కలిపి కట్టాను, చేతులు జారినా మునగకూడదని. ఆమె అప్పటికే వణుకుతోంది. మొదట దవడలు, తర్వాత భుజాలు, తర్వాత ఒళ్ళంతా. పళ్ళు కొట్టుకునే చప్పుడు బావిలో గట్టిగా వినబడేది. నాకూ చలే. వేళ్ళు మొద్దుబారాయి, చర్మం ముట్టుకుంటే చల్లటి రాయిలా ఉంది. కాని లోపల, రొమ్ము కింద, కడుపులో ఇంకా వేడి ఉన్నట్టే తెలుస్తోంది. ఆమెకు అలా లేదని ఆమె కళ్ళు చూస్తే తెలిసింది. ఆమె వీపును నా రొమ్ముకు ఆనించుకుని రెండు చేతులతో చుట్టేశాను, కాళ్ళు కూడా ఆమె కాళ్ళకు చుట్టాను. పక్కటెముకలు ఒక్కొక్కటీ నా చేతులకు తగిలాయి.

"నువ్వు కాగతా ఉండావక్కా," అంది ఆశ్చర్యంగా. "నీకు చలి లేదా?"

"ఉండాది. నువ్వు కదలద్దు, నాకు ఆనుకోనే ఉండు."

కాసేపటికి నాకు ఇంకో సంగతి గుర్తొచ్చింది, గుర్తు రాకపోయినా బాగుండేది. సాయంత్రం కరెంటు వస్తుంది. మా మోటారుకు ఆటో స్టార్టరు ఉంది, కరెంటు రాగానే దానంతటదే ఆన్ అవుతుంది. పైపు వెంట ఉన్న వైరు మీద ఇందాక రాళ్ళు పడ్డాయి. ఎక్కడైనా తెగి ఉంటే? నీళ్ళ పైన కనబడేంత మేర చూశాను, బాగానే ఉంది. నీళ్ళ లోపల ఏమైందో చూడడానికి లేదు. పైపు వదిలేద్దామా అంటే, ఆమెను మోస్తూ నేను ఎంతసేపు ఈదగలను? ఈ మాట ఆమెకు చెప్పలేదు. పైన కనబడే తెల్లటి ఆకాశం ఇంకా తెల్లగానే ఉందా, పొద్దు వాలుతోందా అని చూస్తూ ఉన్నాను. ఆకాశం చీకటి పడకూడదు, ఎవరైనా రావాలి, కరెంటు రాకూడదు. దేవుడికి ఈ మూడూ ఒకేసారి మొక్కుకున్నాను.

ఆమెను మాట్లాడిస్తూ ఉన్నాను. స్కూలు వ్యానులో వచ్చే తన పాప గురించి అడిగింది.

"వ్యాను వచ్చే టయానికి రోడ్డు కాడ ఎవురు ఉంటారక్కా?"

"వాళ్ళ నాయన ఉంటాడులే."

"పాప వచ్చిందా అక్కా?"

"ఇంగా టయం కాలేదు."

"పాప వచ్చిందా?"

అదే మాట, అదే గొంతుతో, మళ్ళీ మళ్ళీ అడిగింది. మొదట తల్లి బెంగ అనుకున్నాను. తర్వాత అర్థమైంది, నేను చెప్పినదేదీ ఆమెలో నిలవడం లేదు. మాటలు ముద్దగా వస్తున్నాయి. అప్పుడు ఆమె వణుకు ఆగిపోయింది. ఒక్క క్షణం సంతోషించాను, చలి తగ్గిందనుకున్నాను. ముఖం తిప్పి చూస్తే పెదాలు నేరేడు రంగులో ఉన్నాయి, కళ్ళు సగం మూసుకుపోయాయి.

"నిద్ర వస్తా ఉండాదక్కా. రవ్వంత సేపు."

"నిద్రపోవద్దు! నా మాట ఇను, నిద్రపోవద్దమ్మా!"

చెంప మీద కొట్టాను. తెలియనట్టే ఉంది. ఇంకొకసారి గట్టిగా కొట్టి ఏడ్చాను. ఆమె తల నా భుజం మీదికి వాలింది. ముక్కు దగ్గర నా చెంప పెట్టి ఊపిరి ఉందా అని చూసుకుంటూ, ఇంకా గట్టిగా హత్తుకున్నాను. నా ఒంట్లో ఎంత వేడి ఉంటే అంతా ఈమెకు పోనీ అనుకున్నాను. అది ఎంత ఉందో, ఎప్పుడు అయిపోతుందో నాకు తెలియదు. నా చేతులు కూడా వణకడం మొదలైంది.

అప్పుడు పైన టక్కుమని స్టార్టరు చప్పుడయింది.

కళ్ళు మూసుకున్నాను. పైపు ఒక్క కుదుపు కుదిపింది, పాములా మెలి తిరిగి మా ఇద్దరినీ ఊపింది. నీళ్ళ అడుగు నుంచి మోటారు రొద కాళ్ళకు తెలిసింది. ఇప్పుడు, ఇప్పుడు అని ఎదురుచూశాను. ఏమీ కాలేదు. వైరు తెగలేదు. పైపులోంచి నీళ్ళు పైకి పోతున్న చప్పుడు నా చెవి పక్కనే వినబడింది. ఎంతసేపటికి కళ్ళు తెరిచానో చెప్పలేను.

నేను ఊహించని సంగతి పైన జరిగింది. మోటారు నీళ్ళు తొట్టి నిండి పొర్లి, కాలువ మళ్ళించే మనిషి లేక, పల్లంలో ఉన్న పక్క తోటలోకి పారాయి. ఆ తోట ఒక పెద్దాయనది. మేమంతా మామా అని పిలుస్తాం. అంతకు ముందు రోజే టమాటా నారు నాటుకున్నాడు. నారు మునుగుతుంటే ఇంట్లోంచి చూసి, తిట్టుకుంటూ గట్టెక్కి వచ్చాడు. ఆ తిట్లు నాకు దూరం నుంచే వినబడ్డాయి.

"ఎవురమ్మా ఆడ? మోటారు ఏసి యాడికి పోయినారు? నా నారంతా కొట్టుకపోతా ఉండాది!"

నేను అరిచాను. మోటారు రొదలో నా గొంతు ఆయనకు అందలేదు. మళ్ళీ అరిచాను. తిట్లు ఆగిపోయాయి. గట్టు మీద చెప్పులు, ఫోను, సగం కట్టిన ముల్లంగి చూసి ఉంటాడు. బావి అంచు మీదుగా ఆయన తల కనబడింది.

"అయ్యో సామీ... ఏమమ్మా, ఎంతసేపాయ?"

"మామా, ముందు మోటారు ఆపు! ఈ పిల్ల పలకతా లేదు! బేగ రా!"

మోటారు ఆగింది. ఆయన రోడ్డు మీదికి పరుగెత్తి కేకలు వేశాడు. నలుగురైదుగురు వచ్చారు. నవారు మంచానికి నాలుగు మూలలా తాళ్ళు కట్టి దించారు. కొంగు ముడి నీళ్ళకు బిగుసుకుపోయింది, నా వేళ్ళకు రాలేదు. పళ్ళతో కొరికి చించాను. ఆమెను మంచం మీదికి తోస్తుంటే ఆమె చెయ్యి వాలిపోయింది, పట్టుకోలేదు. మంచం ఊగుతూ పైకి పోతుంటే నేను కింద ఒంటరిగా ఉన్నాను. అంతసేపూ లేనంత చలి అప్పుడు నాలోకి వచ్చింది.

నన్ను పైకి లాగేసరికి మా ఆయన, మరిది టెంపోతో వచ్చేశారు. మరిది తన భార్య ముఖం రెండు చేతులతో పట్టుకుని పేరు పెట్టి పిలుస్తున్నాడు. ఎవరో మంట వేశారు, ఎవరో గోనె పట్టాలు తెచ్చారు. తడి బట్టలు తీసి కంబళ్ళు చుట్టి, హోసూరుకు తీసుకుపోయారు. ఆసుపత్రిలో నర్సు ఆమె చంకలో జ్వరం పుల్ల పెట్టి చూసింది, విదిలించి మళ్ళీ పెట్టింది. పాదరసం మొదటి గీత కూడా దాటలేదు. నర్సు పరుగెత్తుకుంటూ వెళ్ళి డాక్టరును పిలుచుకొచ్చింది. ఆ పరుగు చూసి మా మరిది కూడా ఆమె వెనకే పరుగెత్తాడు.

నెమ్మదిగా వేడి ఎక్కించారు. ఊపిరితిత్తుల్లోకి బురద నీళ్ళు పోయి ఉండటంతో మర్నాడు జ్వరం మొదలైంది. కృష్ణగిరి పెద్దాసుపత్రికి పంపించారు. అక్కడ ఆమె ముఖానికి ఆక్సిజన్ పెట్టి అద్దం తలుపు వెనక ఉంచారు. నేను వరండాలో బెంచీ మీద కూర్చున్నాను. ఆ తలుపు తెరుచుకున్న ప్రతిసారీ, లోపలి నుంచి వచ్చేవాళ్ళ ముఖాలు చూడడానికి భయం వేసి వాళ్ళ చెప్పుల వంక చూసేదాన్ని.

అక్కడి డాక్టరమ్మ సగం తమిళం, సగం తెలుగు మాట్లాడేది. బావి సంగతి అంతా నా నోటితో చెప్పించుకుంది. నేను అడగకుండా ఉండలేకపోయాను.

"ఇద్దరం అవే నీళ్ళల్లో ఉండినాము కదా డాక్టరమ్మా. నాకేమీ కాలా, దానికి ఎందుకట్లయింది?"

ఆమె నన్ను పైనుంచి కిందికి చూసి, మొహమాటపడి, తర్వాత చెప్పేసింది. "డాల్ఫిన్ చూసినారా అమ్మా?"

"టీవీలో చూసినా. సముద్రం చేప."

"చేప కాదు. మనట్లే వేడి రక్తం, బిడ్డకు పాలిస్తుంది. గాలి మన ఒంటి వేడిని మెల్లగా తీసుకుపోతుంది, నీళ్ళు అయితే చాలా వేగంగా లాగేసుకుంటాయి. డాల్ఫిన్‌కు బొచ్చు లేదు, కంబళి లేదు. పుట్టింది మొదలు నీళ్ళల్లోనే ఉంటుంది. ఎట్లా బతుకుతుంది? చర్మం కింద ఒళ్ళంతా మందంగా కొవ్వు. కొవ్వులోంచి వేడి అంత సులభంగా బయటికి పోదు. పైన చర్మం చల్లబడినా లోపల గుండె, కాలేయం వెచ్చగా ఉంటాయి. మీకు జరిగింది అదే. ఆమెకు టైఫాయిడ్‌లో ఆ కొంచెం కొవ్వు కూడా కరిగిపోయింది."

బావిలో నా చర్మం రాయిలా ఉండి, లోపల వేడి తెలియడం అప్పుడు అర్థమైంది. చేసేదేమీ లేక బెంచీ మీద కూర్చుని ఫోనులో డాల్ఫిన్ల గురించి వెతికాను. తమిళంలో ఒకటి, తెలుగులో ఒకటి వీడియోలు దొరికాయి. వాటి రెక్కల్లో, తోకలో ఆ కొవ్వు పొర ఉండదట. అక్కడికి వేడి రక్తం తీసుకుపోయే నాళాలూ, చల్లబడిన రక్తం తిరిగి తెచ్చే నాళాలూ ఆనుకుని ఉంటాయట. పోయే రక్తం వచ్చే రక్తాన్ని వెచ్చబెడుతుందట. పుట్టిన పిల్లకు కొవ్వు పలచగా ఉంటుందని, తల్లి పాలు చాలా చిక్కగా ఉంటాయని, అవి తాగుతూ పిల్ల ఆ పొర పెంచుకుంటుందని చెప్పారు. తిండి దొరకని కాలంలో డాల్ఫిన్ తన ఒంటి కొవ్వునే ఖర్చు పెట్టుకుంటుంది, అది మరీ పలచబడితే నీళ్ళకు తట్టుకోలేదు. ఆ మాట దగ్గర ఫోను ఆపేశాను. అద్దం తలుపు వెనక ఉన్న మనిషి అన్నం ముట్టి ఎన్నాళ్ళయిందో.

నాకు కూడా ఒక భయం పెట్టి పంపింది డాక్టరమ్మ. నా బరువు చూసి రక్తం పరీక్ష చేయించింది, షుగరు ఉందని తేలింది. "బావిలో కాపాడింది కదా అని ఈ బరువు ఇట్లే ఉంచుకోవద్దు. మీరు డాల్ఫిన్ కాదు, నేల మీద బతికే మనిషి. మోకాళ్ళు, గుండె రెండూ చెడతాయి. తగ్గాలి," అంది. నేను తల ఊపాను. కాని లోపల ఒప్పుకోలేదు. సన్నగా ఉండి ఉంటే ఆ నీళ్ళలో నేను కూడా ఎలా అయ్యేదాన్నో కళ్ళారా చూశాను కదా.

ఒక పొద్దున తలుపు తెరిచి నర్సు నన్నే పిలిచింది. చెప్పుల వంక చూస్తూనే లోపలికి పోయాను. తోడికోడలి ముఖం మీద ఆక్సిజన్ లేదు. కళ్ళు తెరిచి ఉన్నాయి.

"అక్కా, రసమన్నం తినాల," అంది గొంతు బొంగురుగా. "చింతపండు ఎక్కువ ఏసి."

వరండాలోకి వచ్చి ఏడ్చాను. మా మరిది అది చూసి ఇంకోలా అనుకుని కుప్పకూలబోయాడు. అతన్ని పట్టుకుని, "రసమన్నం అడగతా ఉండాదప్పా, రసమన్నం!" అని అరిచాను. బెంచీల మీద ఉన్నవాళ్ళంతా మా వైపు తిరిగారు.

ఇంటికి వచ్చి చాలా రోజులైంది. బావి కట్టు మళ్ళీ కట్టించారు, మెట్లకు ఇనుప కమ్మీ పెట్టించారు. ఆమె ఇంకా ఆ వైపు పోదు. తలకు నీళ్ళు పోసుకునేటప్పుడు కళ్ళు మూసుకోదు, సబ్బు మంట పుట్టినా సరే. గుమ్మంలో పాప నిలబడి మాట్లాడుతూ ఉండాలి. నాకు ఫోను మోగితే భయం. ఎవరిదైనా సరే, పాట మొదలవగానే పరుగెత్తి ఎత్తుతాను. స్టార్టరు టక్కుమంటే ఇప్పటికీ చేతిలో ఉన్నది కింద పడేస్తాను.

పొద్దున్నే ఇద్దరం బేరిగై రోడ్డు మీద నడుస్తాం. నేను తగ్గడానికి, ఆమె ఆకలి పెంచుకోవడానికి. ఆమె రెండు స్వెటర్లు వేసుకుని తలకు శాలువా చుట్టుకుంటుంది. మొన్న హోసూరులో బరువు చూసుకున్నానని, తగ్గానని చెప్పాను. సంతోషిస్తుందనుకున్నాను. ఆమె నడక ఆపింది.

"ఇంగ చాలక్కా," అంది.

"డాక్టరమ్మ ఇంగా తగ్గాలని చెప్పింది కదమ్మా."

ఆమె నా చేతిని తన శాలువా కిందికి లాక్కుని గట్టిగా పట్టుకుంది. ఆమె వేళ్ళు చల్లగా ఉన్నాయి. పాల వ్యాను మమ్మల్ని దాటి మంచులోకి పోయింది. ఆ చెయ్యి వదలకుండానే మళ్ళీ నడిచాం.